మధ్యలో ఆపిన ఫిడేలు

చచ్చినవాణ్ణి లేపమంటే కాస్త ఆలోచించుకోవాలి గానీ, పడ్డవాళ్ళను లేపడంలో మాత్రం తన ఫిడేలుకు సాటి లేదని జుర్జు అనేవాడు. అనడమంటే అలా ఇలా కాదు, వినేవాడు దొరికితే భుజం పట్టి కూర్చోబెట్టి, ప్లమ్ సారా పోసి మరీ అనేవాడు. ఒకసారి ఇంట్లో కూర్చుని కొత్త తీగ సరిచూసుకుంటుంటే, పొగబెట్టి దూలానికి వేలాడదీసిన పంది తొడ కాలాడించిందట. అది చూసి వాళ్ళమ్మ ఇలింక దండం పెట్టిందట. ఇలింకను అడిగితే, "వాడు తాగి దూలానికి తల కొట్టుకున్నాడు, తొడ ఊగింది" అనేది.

చదువు సంగతి కదిపితే ఇంకో కథ. నాలుగో తరగతిలో మేష్టారు తన వాయింపు విని, "నీకు నేర్పడానికి నా దగ్గరేం మిగల్లేదు, వెళ్ళు నాయనా" అన్నాడని చెప్పేవాడు. మేష్టారు వెళ్ళమన్న మాట నిజమే. తక్కిన మాటలు మాత్రం ఆ తరగతిలో కూర్చున్నవాళ్ళెవరికీ వినపడలేదు.

అయినా జుర్జును ఊరంతా భరించేది. మా హోమోల్యే కొండల్లో ఫిడేలు లేకుండా రుసాలె పండుగ గడవదు. ఈస్టరు పోయాక ఏడు వారాలకు వచ్చే ఆ మూడు రోజుల్లో మా వైపు ఆడవాళ్ళు పడతారు. కొండగాలిలో తిరిగే ఆడ దేవతలు, రుసాలెలు, తమకు నచ్చిన మనిషిని పట్టుకుపోతారు. ఒళ్ళు ఇక్కడ గడ్డిమీద, మనిషి అక్కడ. ఆ పడుకున్న మనిషి నోటివెంట పోయినవాళ్ళ కబుర్లు వస్తాయి. అత్తగారు అక్కడ కూడా కోడలిమీద చాడీలు చెబుతోందనో, తాతయ్యకు పొగాకు కావాలనో. కబుర్లు అయ్యాక పడ్డమనిషి చుట్టూ వలయంగా చేతులు పట్టుకుని ఆడతారు. మాచిపత్రి, వెల్లుల్లి నమిలి ముఖం మీద ఊస్తారు. వాగు నీళ్ళు చల్లుతారు. ఫిడేలు వాయిస్తూనే ఉండాలి. మనిషి కళ్ళు తెరిచేదాకా పాట ఆగకూడదు. మధ్యలో ఆపితే ఆ మనిషి అక్కడే ఉండిపోతుంది. ఎవరు చెప్పారని ఎవరూ అడగరు. నిప్పు కాలుతుందని ఎవరు చెప్పారో కూడా ఎవరూ అడగలేదు కదా.

జుర్జు పెళ్ళాం దోకియ కొండ అవతలి ఊరి పిల్ల. పెళ్ళయిన తొలి రుసాలెకే పడింది. ఆ ఏటినుంచి ఏటా పడుతూనే ఉంది. పడితే చక్కగా పడేది, అడిగినవాళ్ళకు లేదనకుండా చెప్పేది. ఆమె పడటం, అతను లేపడం. పక్క ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వచ్చి చూసేవాళ్ళు. ఇక జుర్జు నేలమీద నడిస్తే ఒట్టు.

"నేను పడకపోతే నీ ఫిడేలు పొయ్యిలో పెట్టుకోవాలి, తెలుసా?" అనేది దోకియ.

"నేను వాయించకపోతే నువ్వు ఇంకా గడ్డిలోనే ఉండేదానివి, నీమీద పుట్టగొడుగులు మొలిచుండేవి" అనేవాడు జుర్జు.

అలా సాగిపోతుండగా ఒక శరత్కాలం దోకియ ప్లమ్ చెట్టుకింద పడింది.

రుసాలె పోయి ఎన్నో నెలలు. చెట్టుకింద పళ్ళు ఏరుతూ, ఎవరి మీదో నవ్వుతూ, హఠాత్తుగా ఒక అరుపు అరిచి కొయ్యలా బిగిసిపోయి వెనక్కి పడింది. తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నోట్లో నురగ. ఇలింక పరుగున వచ్చి, నాలుక కొరుక్కుంటుందని చెక్క గరిటె కాడ దంతాల మధ్య దూర్చింది. పన్ను విరిగింది. జుర్జు ఇంట్లోకి దూకి ఫిడేలు తెచ్చి వాయించాడు. పాట రెండో చుట్టులో ఉండగా ఒళ్ళు సడలింది.

"చూశారా!" అన్నాడు జుర్జు కమాను పైకెత్తి.

చూశారు గానీ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. లంగా తడిసిపోయింది. నోటి చివర నెత్తురు. కళ్ళు తెరిచింది గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. పోయినవాళ్ళ కబురు ఒక్కటీ చెప్పలేదు. పొద్దుగూకే వరకూ నిద్రపోయి లేచి, "నా పన్నెవరు విరగ్గొట్టారు?" అంది.

"రుసాలెలకు క్యాలెండరు పోయిందేంట్రా?" అన్నాడు పక్కింటాయన. నవ్వారు. జుర్జు కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు మీసం దాటలేదు.

ఆ చలికాలం మొదట్లో పాలు పితుకుతూ ఒకసారి, పొయ్యి దగ్గర ఒకసారి పడింది. పొయ్యి దగ్గర పడ్డప్పుడు మోచెయ్యి కాలింది. ఇది ఏ పడటం? రుసాలెలదైతే పండుగ ఏది? రుసాలెలది కాకపోతే తన పాటకు ఎందుకు లేస్తోంది? పాటకే లేస్తుంటే ఒకసారి అతను సంతలో ఉన్నప్పుడు పడి, అతను లేకుండానే ఎలా లేచింది? ఈ చివరి ప్రశ్న జుర్జుకు అన్నిటికన్నా మింగుడుపడలేదు.

"దిష్టి" అంది ఇలింక.

"దిష్టే అయితే నీదే అత్తా, పొద్దస్తమానం నన్ను చూసేది నువ్వేగా" అంది దోకియ. చివరికి కాలిన చెయ్యి చూపించడానికని పట్నం ఆసుపత్రికి పోయారు. కాలిన చెయ్యి చూసిన డాక్టరమ్మ స్లావ్కా చేతితో ఆగలేదు.

"ఎలా పడిందో చెప్పండి. మొదటినుంచీ."

జుర్జు చెప్పాడు. అరిచిన అరుపుకు కొండమీద కాకులు రాలిపడ్డాయన్నాడు. మనిషి గాల్లోకి లేచిందన్నాడు.

"గాల్లోకి లేచిందా?"

"అంటే... కొంచెమే అనుకోండి."

"లేవలేదు డాక్టరమ్మా" అంది దోకియ. "నేను చూళ్ళేదు గానీ, ఈయన చూసిందేదీ అలా ఉండదు."

"ఎంతసేపు కొట్టుకుంది?"

"పాట రెండో చుట్టు దాకా."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. "చుట్టంటే ఎంతసేపు?"

"అది వాయించేవాణ్ణి బట్టి ఉంటుందండీ. నేనైతే..."

"పాడండి" అంది చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టి. ఆసుపత్రి గదిలో, మందుల వాసనలో, జుర్జు కళ్ళు మూసుకుని నోటితో ఫిడేలు మోత మోగించాడు. తలుపు దగ్గర రోగులు మూగారు. ఒక ముసలాయన కర్రతో తాళం కూడా వేశాడు. పాట అయ్యాక డాక్టరమ్మ గడియారం చూసి తలాడించింది.

"ఇది మూర్ఛ వ్యాధి. మెదడులో మెరుపు మెరిసినట్టు ఒక్కసారిగా గందరగోళం లేస్తుంది. ఒళ్ళంతా బిగుస్తుంది, కొట్టుకుంటుంది. చాలామందికి రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. మీ పాటకు లేవలేదు. మీరు పాట వాయించినా లేస్తుంది, పక్కన కూర్చుని బంగాళాదుంపలు ఒలిచినా లేస్తుంది."

బంగాళాదుంపల మాట జుర్జు గుండెల్లో గుచ్చుకుంది.

డాక్టరమ్మ చెబుతూనే పోయింది. పడగానే పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పాలి, నురగ బయటికి పోవాలి గానీ గొంతులోకి కాదు. తలకింద మెత్తగా ఏదైనా పెట్టాలి. మెడ దగ్గర గుండీలు విప్పాలి. దగ్గర్లో పొయ్యి, రాళ్ళు ఉంటే దూరం జరపాలి. కాళ్ళూ చేతులూ పట్టి నొక్కకూడదు. నోట్లో గరిటె గానీ వేలు గానీ మరేదీ గానీ పెట్టకూడదు. నీళ్ళు పోయకూడదు. లేచాక మత్తుగా, తికమకగా ఉంటుంది, పక్కన ఎవరైనా ఉండి నెమ్మదిగా మాట్లాడాలి. గడియారం చూడాలి.

"అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే మళ్ళీ మొదలైనా, ఏం చేస్తున్నా వదిలేసి ఇక్కడికి తీసుకురండి. అది ప్రాణం మీదికి వచ్చేది."

"పాట మధ్యలో ఉంటేనో?"

"ఆపేసి రండి."

"ఆపకూడదండీ."

"ఎందుకాపకూడదు?"

ఎందుకో ఊళ్ళో ఇంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదు.

"మరి రుసాలెకు పడేది?" అని దోకియ అడిగింది. "అదీ ఇదేనా?"

"నేను చూడలేదు. చూడనిదాని గురించి చెప్పలేను" అంది డాక్టరమ్మ. మాత్రలు రాసింది. "రోజూ వేసుకోవాలి. బాగుంది కదా అని ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఇంతకంటే పెద్దది వస్తుంది. వాగులో ఒంటరిగా దిగొద్దు, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండొద్దు."

"ఇంట్లో పొయ్యి నేనే కదా చూసేది?"

"ఈయన పక్కన కూర్చుంటాడు. బంగాళాదుంపలు ఒలుస్తాడు."

తిరుగు బస్సులో దోకియ కిటికీకి తల ఆనించి నవ్వుతూనే ఉంది. జుర్జు మాత్రం, తను ఇన్నేళ్ళు లేపింది ఎవరిని, లేపకుండా లేచింది ఎవరు అని ఒకరి తర్వాత ఒకరిని తలుచుకుంటూ, ఎవరి దగ్గరా తేల్చుకోలేకపోయాడు.

దోకియ మాత్రలు వేసుకుంది. కొంచెం మత్తుగా ఉండేది, సంకటి కలుపుతూ ఆవలించేది. కానీ చలికాలమంతా పడలేదు. జుర్జు నిజంగానే పొయ్యి పక్కన కూర్చుని బంగాళాదుంపలు ఒలిచాడు. తను ఒలిచే తొక్క ఎంత పలచగా ఉంటుందంటే దానిగుండా పేపరు చదవొచ్చని కూడా ప్రచారం చేసుకున్నాడు.

మంచు కరిగేవేళ ఏరు పొంగి, ఊళ్ళో ముసలాయన పౌను ఒక్కగానొక్క కొడుకు యాంకును పట్టుకుపోయింది. గొర్రెను రక్షించబోయి దిగాడు. గొర్రె గట్టెక్కింది. యాంకు శవం కూడా దొరకలేదు. ఊరు ఊరంతా గడ కర్రలతో ఏటి దిగువకు పోయి వెతికి, ఒక్కొక్కరూ ఎవరి పనికి వాళ్ళు మళ్ళారు. ఊళ్ళో లారీ ఉన్నది పౌనుకే. ఆ లారీ వాకిట్లో కదలకుండా నిలబడిపోయింది.

రుసాలె ఇంకో పది పన్నెండు రోజులుందనగా పౌను జుర్జు ఇంటికి వచ్చాడు. టోపీ తీసి మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇలింక పెట్టిన సంకటి ముట్టలేదు.

"అమ్మా దోకియా. ఈసారి పడినప్పుడు వాణ్ణొక్కమాట అడుగు. ఎక్కడున్నావురా అని. అంతే. తెచ్చి వాళ్ళమ్మ సమాధి పక్కన పెట్టుకుంటాను."

"పడతానో లేదో నా చేతుల్లో ఉందా మామా?"

"మాత్రలు మింగుతుంటే ఎలా పడుతుంది?" అంది ఇలింక.

"డాక్టరమ్మ ఆపొద్దంది" అన్నాడు జుర్జు.

"డాక్టరమ్మ పండుగ చూసిందా? చూడలేదని ఆవిడే చెప్పిందటగా. వారం ముందునుంచీ ఒంట్లో మందు లేకుండా శుభ్రంగా ఉంటే సరి. పండుగ అయ్యాక మళ్ళీ మింగమను, ఎవరు కాదన్నారు?" అంది ఇలింక.

జుర్జు దోకియ వంక చూశాడు. దోకియ పౌను టోపీ వంక చూస్తోంది. ఆ టోపీ అంచును ముసలాయన వేళ్ళు తిప్పుతూనే ఉన్నాయి.

"కొన్ని రోజులే కదా" అంది దోకియ.

కాదనాల్సింది జుర్జు. చలికాలమంతా ఫిడేలు గోడకు వేలాడింది, వచ్చేపోయేవాళ్ళు "ఏం జుర్జూ, బంగాళాదుంపలెలా ఉన్నాయి?" అని అడిగారు. ఇవన్నీ కూడా అతని నోరు మూశాయి. లేచి మాత్రల సీసా తీసి, చెయ్యెత్తితే తప్ప అందని పై అరలో పెట్టాడు. పెట్టాక, తను పెట్టింది పౌను కోసమా, తన కోసమా, రుసాలెల కోసమా అన్నది అతనికే తెలియలేదు.

పండుగ మొదటిరోజు దోకియ పడలేదు. రెండోరోజు మధ్యాహ్నం, వాగు ఒడ్డున గడ్డిమైదానంలో జనమంతా తింటూ తాగుతూ ఉండగా, పౌను పక్కన కూర్చుని రొట్టె తుంచుతూ పడింది.

అరుపు. బిగిసిపోవడం. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం.

వలయం కట్టారు. జుర్జు గడ్డం కింద ఫిడేలు ఆనించాడు. కమాను తీగమీద పడగానే చేతులు వాటంతట అవే పోయాయి. పౌను మోకాళ్ళమీద పడి ఆమె చెవి దగ్గర, "యాంకు ఎక్కడమ్మా? ఎక్కడున్నాడు?" అంటున్నాడు. ఆమె ఏమీ చెప్పడం లేదు. పండుగ నాడు పడితే చెప్పాలే! మొదటి చుట్టు అయింది. రెండో చుట్టు అయింది. ఒళ్ళు కాస్త సడలింది. జనం 'హమ్మయ్య' అన్నారు. కళ్ళు తెరవలేదు. మళ్ళీ బిగిసింది.

మళ్ళీ మొదలైనా, అంది డాక్టరమ్మ. కళ్ళు తెరిచేదాకా ఆపకూడదు, అంది ఊరు. జుర్జు పాట వేగం పెంచాడు. వేగంగా వాయిస్తే తొందరగా వస్తుందేమో. మూడో చుట్టు పోయింది. నాలుగో చుట్టా, అయిదో చుట్టా? లెక్క తప్పింది. బల్లమీద గడియారం పెట్టి పాడిన రోజున చుట్టు ఎంతసేపని తేలింది? అప్పుడు మెల్లగా పాడాడు కదా, ఇప్పుడింత వేగంలో ఎంత? దోకియ పెదవులు నీలంగా అవుతున్నాయి. అది మాచిపత్రి ఆకు రంగా? కాదు. నీలమే.

ఇలింక కూజా ఎత్తింది. వాగు నీళ్ళలో మాచిపత్రి, వెల్లుల్లి దంచి కలిపినవి. కోడలి దవడ పట్టుకుని నోట్లో పోయబోతోంది.

"పోయకే!" అని జుర్జు వాయిస్తూనే అరిచాడు.

"పొయ్యకపోతే ఎలా లేస్తుందిరా?"

"పోస్తే చస్తుంది!"

"నువ్వు వాయించు! నీ పని నువ్వు చూడు!"

నీ పని. జుర్జు తన పని వంక చూశాడు. చెయ్యి కమానును లాగుతూ ఉంది, తోస్తూ ఉంది. పాట సరిగ్గా మధ్యలో ఉంది, పైకెక్కి దిగబోయే చోట. అక్కడ ఆపితే వినేవాడి గొంతులో ఎముక ఇరుక్కున్నట్టుంటుంది. ఇల్లు తగలబడుతున్నా అక్కడ ఎవరూ ఆపరు. ఆపితే దోకియ అక్కడే ఉండిపోతుంది. ఆపకపోతే ఇక్కడే పోతుంది. ఏ లోకంలో పోగొట్టుకోవాలో తేల్చుకోమంటే మనిషి ఎలా తేల్చుకుంటాడు?

తేల్చుకోలేదు. చెయ్యి ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం మా ఊరు ఎప్పుడూ వినలేదు. ఆడేవాళ్ళ ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఉన్నాయి. వాగు కూడా ఆగిందని చెప్పేవాళ్ళున్నారు, ఒక చేప గాల్లో ఉండిపోయిందని కూడా. ఆ చేప సంగతి నేను ఒప్పుకోను. ఇలింక కూజా జారిపోయింది, అది మాత్రం నిజం.

"వాయించరా!" "పాపిష్టోడా, వాయించు!" "ఆపేశాడు! ఆపేశాడు!"

జుర్జు ఫిడేలు గడ్డిలో పడేసి, వలయం తోసుకుని లోపలికి పోయి, దోకియను పక్కకు తిప్పాడు. నోట్లోంచి నురగ కారిపోయింది. పండుగ కోటు విప్పి చుట్టి తలకింద పెట్టాడు. మెడ దగ్గరి పూసల దండ విప్పబోతే రాలేదు, తెంపేశాడు.

"మామా, లారీ తియ్యి."

పౌను కదల్లేదు. "ఒక్క క్షణం ఆగరా. ఏదో అనబోతోంది. పెదాలు కదులుతున్నాయి చూడు."

"కొట్టుకుంటున్నాయి మామా. అనబోవడం లేదు."

"ఒక్క క్షణం..."

"లారీ తియ్యి మామా!"

పౌను ఆమె పెదాల వంక చూశాడు. తర్వాత లేచాడు. అంత వయసు మనిషి అలా పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు.

ఆ లారీ పట్నం దాకా నేలను తాకింది తక్కువ. మలుపుల్లో రోడ్డే పక్కకు తప్పుకుందంటారు. లారీ వెనక పరిచిన గడ్డిమీద జుర్జు ఆమెను ఒత్తిగిల్లబెట్టి, నోరు తుడుస్తూ, ఏం మాట్లాడాలో తెలియక బంగాళాదుంపల గురించి మాట్లాడాడు. ఒళ్ళు ఒకసారి సడలుతోంది, ఒకసారి బిగుస్తోంది. ఊపిరి గురగురమంటోంది. ఊపిరంటే ఇంకా ఇక్కడే ఉందనేగా? లేక ఒళ్ళొక్కటే ఇక్కడుండి ఊపిరి తీస్తోందా? ఇలాంటి ప్రశ్నలకు సమాధానం చెప్పేవాళ్ళెవరూ లారీలో లేరు.

ఆసుపత్రిలో సూదులు పొడిచారు, ముక్కుకు గొట్టం పెట్టారు. చాలాసేపటికి ఒళ్ళు కుదురుకుంది. డాక్టరమ్మ స్లావ్కా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మాత్రలు ఎవరు ఆపమన్నారు?"

వరండాలో జుర్జు, పౌను గోడకు ఆనుకుని ఉన్నారు. ఇద్దరూ ఒకేసారి, "నేను" అన్నారు. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తిట్టాల్సిన తిట్లు ఇద్దరికీ సమానంగా పంచింది.

మర్నాడు దోకియ కళ్ళు తెరిచి జుర్జును చాలాసేపు చూసి, "నువ్వు మా అన్నవా?" అంది.

జుర్జు లెక్క వేసుకున్నాడు. అయితే సగమే వచ్చింది. పాట సగంలో ఆపాడు, సగం మనిషి వచ్చింది. లెక్క సరిపోయింది.

"మెదడు అలిసిపోయింది" అంది డాక్టరమ్మ. "తికమక పడుతుంది, కొన్ని గుర్తుండవు. రోజులు పడుతుంది. కొన్ని జ్ఞాపకాలు రాకపోవచ్చు కూడా."

"ఏవి రావు?"

"అది నేనెలా చెప్పగలను?"

ఇంటికొచ్చాక ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడి దోకియను పైనుంచి కిందికి చూసి, జుర్జును చూసి తల అడ్డంగా ఊపి పోయేవాళ్ళు. ఇలింక కొడుకుతో మాట్లాడటం మానేసింది గానీ, మాత్రల సీసా మాత్రం పై అర నుంచి తనే దింపి కోడలి పక్కన పెట్టింది. అలా ఎందుకు చేసిందో జుర్జు అడగలేదు. అడిగినా చెప్పదు.

రాకుండా ఉండిపోయిన ముక్క ఏదో కనిపెట్టాలని అతను రోజూ ప్రశ్నలు వేసేవాడు.

"మన కుక్క పేరేంటి?"

"నీ పేరే పెడదామన్నాను, నువ్వొప్పుకోలేదు."

"మన పెళ్ళికి ఎవరు వాయించారు?"

"నువ్వే. పెళ్ళికొడుకువి కూచోకుండా నువ్వే వాయించావు. నేను పక్కన ఖాళీ కుర్చీతో పెళ్ళి చేసుకున్నాను."

"కిందటేడు రుసాలెకు ఏం జరిగింది?"

ఆమె ఆలోచించింది. నుదురు ముడిపడింది. "తెలీదు."

"అదుగో!"

"ఏంటదుగో? ఏ రుసాలె సంగతీ నాకెప్పుడూ తెలీదు. ఇంతకీ నీకు ఏ సగం కావాలో చెప్పు, అది రాలేదేమో వెతుక్కుందాం. వండేదా, తిట్టేదా?"

తిట్టేది పూర్తిగా వచ్చిందని జుర్జు ఒప్పుకున్నాడు. అయినా సంకటిలో రెండుసార్లు ఉప్పేస్తే, ఇది రాని ముక్కా, లేక మాటల్లో పడి మరిచిపోయిందా అని చెంచా పట్టుకుని ఆలోచిస్తూ ఉండిపోయేవాడు.

ఒక సాయంత్రం పౌను వచ్చాడు. ఈసారి టోపీ తియ్యలేదు. నిలబడే అడిగాడు.

"చూశావా అమ్మా వాణ్ణి?"

జుర్జు దోకియ వంక చూశాడు. ఏదో ఒకటి చెప్పొచ్చు. ఏరుకి దిగువ, రాళ్ళ మధ్య, ఏదో ఒకటి. అతనైతే చెప్పేవాడే, చేపల్నీ రుసాలెల్నీ కలిపి చక్కగా చెప్పేవాడు.

"లేదు మామా" అంది దోకియ. "నేనెప్పుడూ ఎవర్నీ చూళ్ళేదు. పడతాను, లేస్తాను. మధ్యలో ఏమీ ఉండదు. చీకటి కూడా ఉండదు. నేనేం చెప్పానో మీరే నాకు చెబుతారు, నేను వింటాను."

"మరి మా ఆవిడ గురించి చెప్పావే? నీలం శాలువా కావాలందని. శాలువా నీలమని నీకెలా తెలుసు?"

"నాకు తెలీదు మామా. చెప్పింది నేనేనంటారు మీరు."

పౌను జుర్జు వైపు తిరిగాడు. "ఇంకాస్త వాయించి ఉంటే చెప్పేదేమో."

"ఇంకాస్త వాయించి ఉంటే ఇది ఇలా నిలబడేది కాదు మామా."

"అదీ నిజమే" అన్నాడు పౌను. తర్వాత, "ఆ లారీ నేనే కదా తీశాను" అన్నాడు. అది ఎందుకన్నాడో, గొప్పగా అన్నాడో, పశ్చాత్తాపంతో అన్నాడో పోల్చుకోవడానికి జుర్జు ముసలాయన ముఖం చూశాడు. అక్కడ గడ్డం తప్ప ఏమీ కనపడలేదు.

"అడగడానికి ఎవరూ లేకపోతే వెతకడమే" అన్నాడు పౌను చివరికి. "రేపు మళ్ళీ ఏటి దిగువకు పోతా. వస్తావురా?"

"వస్తా."

"నేనూ వస్తా" అంది దోకియ.

"నీళ్ళ దగ్గరికి వద్దంది డాక్టరమ్మ!"

"ఒంటరిగా వద్దంది. మీరిద్దరుంటారుగా. నీళ్ళలో దిగనులే, లారీలోనే కూచుంటా. ఇక్కడుంటే ఆ గుమ్మంలో ఆడవాళ్ళు నన్ను కొలుస్తూనే ఉంటారు."

పొద్దున్నే ఇలింక కళ్ళెదుట మాత్ర మింగి, లారీ ఎక్కింది. గట్టుమీద ఎత్తుగా ఆపిన లారీలో కూర్చుని, కాళ్ళు చాపి, రొట్టె మేకపాల చీజుతో తింటూ ఏటిని చూసింది. కింద జుర్జు, పౌను గడ కర్రలతో బురద పొడుస్తూ పోతున్నారు. ఎండ ముదిరింది. ఏమీ దొరకలేదు.

"అటు కాదు!" అని పైనుంచి దోకియ కేక వేసింది. "విల్లో చెట్ల కింద చూడండి!"

ఇద్దరూ నిలబడిపోయారు. పౌను కర్ర బురదలోనే ఉండిపోయింది. జుర్జు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కూర్చునే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పండుగ కాదు. పడలేదు. చుట్టూ వలయం లేదు, ఫిడేలు లేదు. మరి మాట్లాడుతున్నదెవరు?

"ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు పౌను. మళ్ళీ అన్నాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటి?" అంది దోకియ నోటినిండా రొట్టెతో. "కొట్టుకొచ్చిన దుంగలన్నీ తిరిగి తిరిగి అక్కడికే చేరుతున్నాయి, పొద్దున్నుంచీ చూస్తున్నా. ఇంత ఎత్తునుంచి చిన్నపిల్లాడిక్కూడా కనిపిస్తుంది. మీకు కళ్ళు లేవా?"

జుర్జు పౌను వంక చూశాడు. పౌను జుర్జు వంక చూశాడు. ఆమె చెప్పింది నమ్మాలో, చెప్పనిది నమ్మాలో ఇద్దరికీ తెలియలేదు. పౌను బురదలోంచి కర్ర లాగాడు. ఇద్దరూ విల్లో చెట్లవైపు నడిచారు.